రెండోసారికీ మూడోసారికీ మధ్య

బందరు చేపల రేవులో వేలం పాట పలికే మనిషిని చూడటానికి పోయిన వారం పనిగట్టుకుని వెళ్లాను. ఈసారి మా ఊరి పాటకి అతన్నే మాట్లాడారని తెలిసింది. ఎలా పలుకుతాడో ముందే ఒకసారి విందామనిపించింది.

పడవల నుంచి దించిన చేపల్ని గుట్టలుగా పోసి అమ్ముతున్నారు. అతనికి ముప్పై ఏళ్లుంటాయేమో, ఐసు పెట్టె మీద నిలబడి అరుస్తున్నాడు. గొంతు మంచిదే. ధర ఆగగానే "ఒకటోసారి రెండోసారి మూడోసారి" అని మూడు మాటలూ ఒకే ఊపిరిలో అనేసి, గుట్ట ఎవరిదైందో నాకు అర్థమయ్యేలోపు పక్క గుట్ట దగ్గరికి దూకాడు. మళ్లీ అదే. మళ్లీ అదే.

సంచీ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. రెండోసారి అన్న మాట తరువాత నా చెవులు ఒక ఖాళీ కోసం ఎదురుచూస్తున్నాయి. అది రావడం లేదు. ఆ ఖాళీ ఒక మనిషిది. ఆయన పోయిన వానాకాలంలో చనిపోయాడు.

దివిసీమలో ఊరి ఉమ్మడి ఆస్తి ఏదైనా పాటకే పెడతారు. చెరువులో చేపలు, కాలవ గట్టు మీది కొబ్బరి చెట్లు, గుడి మాన్యాల కౌలు, పాయలో వల వేసుకునే హక్కు, అన్నీ. ఎక్కువ పాడినవాడికి గడువు తీరేదాకా దాని మీద హక్కు ఉంటుంది, సొమ్ము ఊరికి వస్తుంది. పాడేవాళ్లు ఎవరైనా, ఆ పాటని పలకడానికి మాత్రం నమ్మకమైన మనిషి కావాలి. అవనిగడ్డ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ ఆ మనిషి ఆయనే. నాకు చుట్టం కాదు. బాబాయ్ అని పిలిచేదాన్ని.

ఆయన గట్టిగా అరిచేవాడు కాదు. తువ్వాలుని నలుపలకలుగా మడిచి ఎడమ భుజం మీద పెట్టుకుని, బల్ల ఎక్కి, ఎవరికో కబురు చెబుతున్నట్టు మొదలుపెట్టేవాడు. ధర పెరుగుతున్న కొద్దీ గొంతు తగ్గేది. జనం వినడానికి ముందుకు వంగేవాళ్లు. "ఒకటోసారి" అని చుట్టూ చూసేవాడు. "రెండోసారి" అని కుడి అరచేత్తో భుజం మీది తువ్వాలుని అదిమిపట్టి ఆగిపోయేవాడు. అప్పుడు ఎక్కడో సైకిలు గొలుసు చప్పుడు కూడా వినపడేది. ఆ తరువాతే "మూడోసారి" అంటూ తువ్వాలుని బల్ల మీద వదిలేవాడు. తువ్వాలు పడితే పాట ఖాయం.

"అంతసేపు ఎందుకాగుతారు బాబాయ్?" అని ఒకసారి అడిగాను.

"పాడినవాడి మనసు ఇంటికెళ్లి రావాలమ్మాయ్. పెళ్లాం మొహం చూసి, పిల్లల్ని చూసి, గాదెలో ఏముందో చూసుకుని తిరిగి రావాలి. పోటీ పడ్డవాడి మనసూ అంతే, వెళ్లి రావాలి. అది రాకముందే నేను మూడు అనేశాననుకో, అది పాట కాదు. జేబు కొట్టటం."

ఊళ్లో అన్నిటికీ ధర పలికించిన ఆ మనిషికి బేరం ఆడటం రాదు. కూరగాయల బండి దగ్గర ఎంత చెబితే అంత ఇచ్చేసేవాడు. బండివాళ్లకి ఈ సంగతి తెలుసు. ఆయన వస్తుంటే వంకాయల ధర దానంతటదే లేచేది. పిన్ని తల కొట్టుకునేది. "ఊరందరి దగ్గరా ధర లేపుతారా, మనింటికొచ్చేసరికి నోరు పడిపోద్ది ఈయనకి!"

"బేరమాడితే గొంతు పాడవుద్దే" అనేవాడాయన. గొంతు మీద ఆయనకి అంత భక్తి. చల్లటి నీళ్లు తాగడు, ఐస్‌క్రీమ్ ముట్టడు. చొక్కా జేబులో చిన్న రేకు డబ్బాలో మిరియాలూ పటికబెల్లమూ ఎప్పుడూ ఉండేవి. ఎవరైనా దగ్గితే ముందు ఆ డబ్బా తీసేవాడు.

ఒక్కదానికి మాత్రం పాట పలికేవాడు కాదు. అప్పు కింద జప్తు చేసిన ఇల్లు. ఎంతిస్తామన్నా రానని చెప్పేవాడు. "పొయ్యి వెలుగుతున్న ఇంటికి నేను పలకను" అని, మళ్లీ ఆ మాట ఎత్తనిచ్చేవాడు కాదు.

అవనిగడ్డలో నా కుట్టు మిషను పెట్టుకున్న గదికి పక్కనే శాఖా గ్రంథాలయం. పదో తరగతితో నా చదువు ఆగిపోయింది కానీ, ఆ గోడకి ఇవతల మిషను పెట్టుకోవడం నా అదృష్టం. జాకెట్లు కుట్టగా మిగిలిన ప్రతి గంటా అవతలే గడిపాను. ఆ అల్మారాల్లో నేను తెరవని పుస్తకాలు చాలా తక్కువ. భూమి పుట్టుక దగ్గర నుంచి బ్యాంకుల చరిత్ర దాకా నాకు తెలిసిందంతా అక్కడిదే. అది చెప్పుకోవడానికి నాకు సిగ్గు లేదు.

పాటల్లేని రోజుల్లో ఆయన కూడా అక్కడికే వచ్చేవాడు, పేపరు కోసం. పైకి చదివేవాడు. లైబ్రేరియన్ గారు బల్ల మీద పెన్నుతో కొట్టేవారు.

"ఏమండీ, మనసులో చదువుకోండి. ఇది లైబ్రరీ."

"మనసులో చదివితే ఎవరికి వినపడుద్దమ్మా?"

"ఎవరికీ వినపడకూడదనేగా!"

రెండు వాక్యాలు మెల్లగా చదివేవాడు. మూడో వాక్యానికి మళ్లీ గొంతు లేచేది.

ఒక మధ్యాహ్నం నేను అట్ట ఊడిపోయిన పుస్తకం ఒకటి ముందేసుకుని కూర్చున్నాను. ప్రకృతికి విలువ కట్టడం గురించి రాసిన పుస్తకం. అర్థశాస్త్రం చదివినవాళ్లు అడవుల్నీ చిత్తడినేలల్నీ ఎలా లెక్కగడతారో అందులో ఉంది. కష్టంగా ఉన్నా వదలబుద్ధి కాలేదు.

"ఏంటమ్మాయ్, మొహం అంత ముడుచుకుని చదువుతున్నావు?"

"అడవికి ధర కట్టడం గురించి బాబాయ్."

"కలపకా?"

"కాదు. కొట్టకుండా ఉంచితే ఎంతో."

ఆయన పేపరు మడిచేశాడు. "కొట్టకుండా ఉంచితే ఎవడిస్తాడు?"

నాకు హుషారొచ్చింది. అడవి మనకి చేసిపెట్టే పనులన్నీ ఒక్కొక్కటే రాసుకుంటారనీ, అడవి లేకపోతే ఆ పనులు డబ్బులు పెట్టి చేయించుకోవడానికి ఎంతవుతుందో చూస్తారనీ చెప్పాను.

"కూలి లెక్కన్నమాట" అన్నాడు. "బాగుంది. మరి కూలి ఇచ్చే ఆసామి ఎవరు? పాటంటే ముందు పాడేవాడు ఎదురుగా నిలబడాలి కదా."

"అది తర్వాతి అధ్యాయంలో ఉంది" అన్నాను.

నిజంగానే ఉంది. మర్నాడు ఆయనకి చదివి వినిపించాను. మేలు పొందేవాళ్లే కూడబలుక్కుని, దాన్ని నిలబెట్టినందుకు డబ్బు కట్టాలని. పట్నంవాళ్లు పైనున్న కొండ రైతులకి నీళ్ల కోసం కట్టినట్టు. ఫ్యాక్టరీలవాళ్లు తాము వదిలిన పొగకి బదులుగా ఎక్కడో చెట్లు నిలబెట్టడానికి కట్టినట్టు. లైబ్రేరియన్ గారు పెన్నుతో కొట్టడం మానేసి కుర్చీ ఇటు లాక్కున్నారు.

దీనికి ఒప్పుకోనివాళ్ల వాదన కూడా అందులోనే ఉంది. అదీ చదివాను. ధర కట్టడమంటూ మొదలుపెడితే అమ్ముకోవడం దాకా వెళ్తుందని, కొన్నిటికి ధర అన్న మాటే తగదని వాళ్లంటారు. నాకు ఆ మాట నచ్చింది. ఆయన తల అడ్డంగా ఊపాడు.

"ధర లేనిదాని జోలికి ఎవరూ రారనుకుంటున్నావా? ధర ఉంటే కనీసం అడిగి తీసుకుపోతారు. లేకపోతే అడక్కుండానే పట్టుకుపోతారమ్మాయ్."

ఆ మాట అన్న నెలలోనే చెట్లకి ధర కట్టే పని మా ఊళ్లోనే మొదలైంది.

మాది సముద్రం వైపు చివరి ఊరు. పాయకీ కరకట్టకీ మధ్య మడ చెట్లు పెరిగాయి. అటవీ శాఖ హద్దు రాళ్లకి ఇవతల, ఊరి ఉమ్మడి నేలలో. ఎవరూ నాటింది కాదు. ఒండ్రు మేట వేసిన చోటల్లా అదే మొలిచింది. దాని వేళ్ల సందుల్లో మండపీతలు పట్టి మా ఊళ్లో చాలా ఇళ్లు బతుకుతాయి. గుడివాడ నుంచి రొయ్యల చెరువులు చేసే ఒకాయన వచ్చి, ఆ మడ కొట్టించి చెరువులు తవ్వుకుంటానని, మూడేళ్ల కౌలు కింద మంచి సొమ్మిస్తానని పెద్దల్ని అడిగాడు. కమ్యూనిటీ హాలు కప్పు లేక ఎదురుచూస్తోంది. పెద్దలు సరేనన్నారు. ఊరికే ఇస్తే మాట వస్తుందని పాటకి పెట్టారు. పలకడానికి ఆయన్ని పిలిచారు.

ఆయన నా మిషను దగ్గరికొచ్చి నిలబడి చెప్పాడు.

"మీరు ఒప్పుకోకండి బాబాయ్" అన్నాను.

"నేను కాదంటే ఇంకోడొస్తాడు. ఆ ఇంకోడు ఆగడు." కాసేపు నా కత్తెర వైపే చూశాడు. "నీ పుస్తకంలో మేలు పొందేవాళ్లని ఉన్నారే, వాళ్లని పాటకి తీసుకురా. నా బల్ల ముందు నిలబెట్టు. తర్వాత సంగతి ధర చూసుకుంటది."

ప్రెసిడెంటు గారి దగ్గరికి వెళ్లి ఒక్క షరతు మాత్రం పెట్టించాడు. పాడుకున్నవాడు మడని కొట్టుకోవచ్చు, లేదా అలాగే ఉంచుకోవచ్చు అని.

"ఉంచుకోడానికి ఎవడు పాడతాడయ్యా?" అని నవ్వారట ప్రెసిడెంటు గారు.

"ఎవడూ పాడకపోతే మీకొచ్చిన నష్టమేంటండి?" అన్నాడట.

పాటకి ముందు ఆదివారం, పోటు మీద, పీతలు పట్టే నాగమణి పడవలో ముగ్గురం మడలోకి వెళ్లాం. తను అమ్మబోయే సరుకు చూడకుండా ఆయన ఎప్పుడూ పలకడు. పాయ సన్నబడి, రెండు వైపులా కొమ్మలు తలకి తగులుతుంటే, బురదలోంచి మేకుల్లా పైకి పొడుచుకొచ్చిన వేళ్ల మధ్య ఎక్కడో టిక్కు టిక్కుమని చప్పుడు. ఉన్నట్టుండి ఆయన పడవలో లేచి నిలబడ్డాడు. తువ్వాలు మడిచి భుజాన పెట్టుకున్నాడు.

"పడవ బోల్తా పడుద్దండీ, కూర్చోండి!" అని అరిచింది నాగమణి.

ఆయన వినలేదు. ఎదురుగా ఉన్న చెట్లకి చెబుతున్నట్టు మొదలుపెట్టాడు. "అయ్యలారా, అమ్మలారా! ఈ మడ చేసే పనుల్లో మొదటిది. పీత పిల్లల్ని, రొయ్య పిల్లల్ని కడుపులో పెట్టుకుని పెంచే పని. ఎవరు పాడతారు?"

నాగమణి పకపకా నవ్వి తెడ్డు ఎత్తింది. "నాదండీ! మా ఆడోళ్లందరిదీ!"

"నాగాయలంకలో పీతల కొట్టాయన కూడా ఉన్నాడమ్మా, ఆయన్ని మర్చిపోకు. మీరు పట్టకపోతే ఆయన కాటాలో ఏం పెడతాడు?" ఆ కొట్టాయనలా ముక్కుతో మాట్లాడి తానే ఒక ధర పాడాడు. "సరే, పాట ఖాయం. రెండో పని. పోటు నీళ్లు కట్ట మీద పడకుండా, ఉప్పు చేలల్లోకి ఎక్కకుండా అడ్డం నిలబడే పని. ఎవరిదీ పాట?"

ఈసారి కట్ట వెనక రైతులా దగ్గి, పిసినారిగా గొణిగాడు. "ఏదో, ఓ బస్తా ధాన్యం అనుకోండి." మళ్లీ తన గొంతుతో "ఒక్క బస్తానా? కట్ట తెగిన ఏడాది ఎన్ని బస్తాలు పోయినయ్యో చెప్పమంటారా?" అని ఆ రైతుని దెప్పి, ధర పెంచి, ఖాయం చేశాడు. నాగమణికి నవ్వుతో తెడ్డు వేయడం కుదరడం లేదు.

"ఇంకేముందమ్మాయ్ నీ పుస్తకంలో?"

"గాలిలో పొగని మింగి, వేళ్ల కింద బురదలో దాచిపెట్టే పని బాబాయ్. మిగతా అడవుల కన్నా మడ ఎక్కువ దాస్తుందట."

"మూడో పని!" అన్నాడు. "గాలిని బాగుచేసే పని. ఎవరు పాడతారు?"

ఎవరి గొంతూ పెట్టలేదాయన. ఎవరి గొంతు పెట్టాలో తెలియనట్టు నా వైపు చూశాడు.

"గాలి ఎవరిదండీ?" అంది నాగమణి.

"అందరిదీ."

"అందరిదీ అయితే ఎవరు పాడతారు?"

"ఎక్కడో దూరదేశాల్లో కంపెనీలవాళ్లు కొంటారని ఉంది" అన్నాను.

"రమ్మను మరి."

"వాళ్లకి మన ఊరు ఎక్కడుందో తెలియదు బాబాయ్."

"ఒకటోసారి" అన్నాడు. "రెండోసారి." తువ్వాలు మీద చెయ్యి పెట్టి ఆగాడు. పడవ కింద నీళ్లు వెనక్కి మళ్లడం మొదలైంది. బురదలో టిక్కుమని చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఆ రోజు ఆయన ఆగినంతసేపు ఎప్పుడూ ఆగలేదు. చివరికి చెయ్యి తీసేశాడు.

"పాట లేదు. వాయిదా."

కూర్చుని డబ్బాలోంచి ఒక మిరియం నోట్లో వేసుకున్నాడు.

నేనూ నాగమణీ ఇల్లిల్లూ తిరిగాం. పీతలు పట్టే ఆడవాళ్లు తలా కొంత వేసుకున్నారు. నాగాయలంక కొట్టాయన ముక్కుతోనే ఒప్పుకున్నాడు. రైతులతోనే కష్టమైంది. "చెట్టుకి అద్దె కట్టమంటావేంటమ్మాయ్, పిచ్చి పట్టిందా?" అని ఒకాయన గుమ్మంలోంచే పంపేశాడు. ఇంకొకాయన మాత్రం నేను పుస్తకంలో లెక్కంతా చెప్పాక, "ఇసక బస్తాలకి పెట్టేదే ఇటు పెడతామనుకుంటాలే" అన్నాడు. ఆయన వెనక మరి కొందరు కదిలారు.

పాట రోజు పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. గుడివాడాయన తెల్ల చొక్కాలో, సెల్‌ఫోనులో లెక్కలు చూసుకుంటూ వచ్చాడు. నిజానికి మర్యాదస్తుడు. బల్ల దగ్గరికి వెళ్లి "ఏం బావగారూ, బాగున్నారా" అని పలకరించాడు. ఇద్దరూ ఎన్నో పాటల దగ్గర చూసుకున్నవాళ్లే.

నాగమణి మొదటి పాట పాడగానే మగవాళ్లలో నవ్వులు.

"ఏం చేసుకుంటావమ్మా ఆ బురద చెట్లని?" అన్నాడు గుడివాడాయన.

"చూసుకుంటానండీ. మీరు డబ్బులిచ్చి సినిమా చూడట్లా?"

ఈసారి నవ్వులు అటు తిరిగాయి. బల్ల మీద ఆయన మాత్రం నవ్వలేదు. బల్ల ఎక్కాక ఆయన ఎవరివైపూ కాదు. నా వైపు అసలు చూడనే లేదు.

ధర పెరిగింది. ఆయన గొంతు తగ్గింది. నాగమణి తన వెనక ఉన్న ఆడవాళ్ల వైపు తిరిగేది, వాళ్లు తల ఊపేవాళ్లు, మళ్లీ పాడేది. ఒకచోట తిరిగి చూస్తే ఎవరూ తల ఊపలేదు. మా దగ్గర ఉన్నది అక్కడికి అయిపోయింది. గుడివాడాయన దాని మీద ఒక మెట్టు పాడాడు.

"ఒకటోసారి."

నాగమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"రెండోసారి."

ఆయన ఆగాడు. నేను ప్రాణాలు ఉగ్గబట్టుకుని, ఇంకాస్త ఆగు బాబాయ్, ఎవరైనా కదులుతారు అని లోలోపల బతిమాలుకుంటున్నాను. కానీ ఆయన ఎప్పుడూ ఆగేంతసేపే ఆగాడు. రవ్వంత కూడా ఎక్కువ కాదు. ఎన్నో ఏళ్లు విన్నదాన్ని కాబట్టి నాకు తెలుసు. కుడి చెయ్యి తువ్వాలుని పట్టుకుంది. అయిపోయిందనుకున్నాను.

తువ్వాలు బల్ల మీద పడలేదు. ఆయన వంగి దాన్ని ప్రెసిడెంటు గారి చేతుల్లో పెట్టాడు. బల్ల దిగాడు. నడిచి వచ్చి ఆడవాళ్ల పక్కన నిలబడ్డాడు.

"ఏమైందయ్యా, గొంతు పట్టిందా?" అన్నారు ప్రెసిడెంటు గారు.

"లేదండీ. నా పాట ఉంది."

షామియానా కింద గుసగుసలు లేచాయి. పలికేవాడు పాడకూడదు. అది ఎవరూ రాయని కట్టుబాటు. ఒకసారి జనంలోకి దిగి పాడాడంటే, ఇక ఏ ఊళ్లోనూ పలకడానికి బల్ల ఎక్కే మొహం ఉండదు. అది అక్కడున్న అందరికన్నా ఆయనకే బాగా తెలుసు.

"ఆడవాళ్ల పాట మీద నాది కలుపుతున్నా" అని తన వాటా చెప్పాడు. గుడివాడాయన ధరని అది దాటింది.

గుడివాడాయన నిజంగా ఆశ్చర్యపోయాడు. "బావగారూ, మీకు పీతలెందుకండీ?"

"పీతలు నాకొద్దండీ." ఆ రోజు మొదటిసారి నా వైపు తిరిగాడు. "ఆదివారం ఒక పని వాయిదా పడింది కదమ్మాయ్. అది నాది."

గుడివాడాయన ఫోను మీద వేలు కదిపాడు. మళ్లీ కదిపాడు. జేబులో పెట్టుకున్నాడు. "దీనిపైన పాడితే నాకు గిట్టదండీ" అన్నాడు. కోపంగా కాదు.

అప్పుడు తేలిందేమిటంటే మూడుసార్లు పలకడానికి మనిషి లేడు. తువ్వాలు చేతిలో పట్టుకుని ప్రెసిడెంటు గారు నలువైపులా చూశారు. గొంతు సవరించుకుని "ఒకటోసారి" అన్నారు. "రెండోసారి" అని, ఎంతసేపు ఆగాలో తెలియక ఆయన వైపు చూశారు. ఆయన తల దించుకున్నాడు. కన్ను కూడా కదపలేదు. ప్రెసిడెంటు గారు ఆగినంత ఆగి, మూడోసారి అని, తువ్వాలు వదిలారు.

తరువాత రెండు మూడు ఊళ్లవాళ్లు వచ్చి ఆయన్ని పలకమని అడిగారు. జరిగింది మంచికేగా, ఎవరూ తప్పు పట్టరన్నారు. ఆయనే వెళ్లలేదు. "ఇకనుంచి నేను ఆగినప్పుడల్లా, ఎవరికోసం ఆగాడా అనుకుంటారు. ఆ అనుమానం పెట్టుకుని పలికితే అది గోల గానీ పాట కాదు" అన్నాడు.

ఆ వేసవిలో చల్లపల్లి బస్టాండులో ఆయన్ని చూశాను. గోలీసోడా తాగుతున్నాడు. సీసా చుట్టూ చెమట పట్టి ఉంది. అంత చల్లటిది. నన్ను చూసి చిన్నపిల్లాడిలా నవ్వి, "ఇన్నాళ్లూ ఏం పోగొట్టుకున్నానో తెలియలేదమ్మాయ్" అన్నాడు. నేనూ నవ్వాను. బస్సెక్కి కూర్చున్నాక నా వల్ల కాలేదు. కిటికీ వైపు తిరిగిపోయాను.

లైబ్రరీకి వస్తూనే ఉండేవాడు. పేపరు మాత్రం మనసులో చదవడం మొదలుపెట్టాడు. ఒకరోజు లైబ్రేరియన్ గారే ఉండబట్టలేక, "ఏమండీ, ఈమధ్య మీరు వినపడట్లేదు" అన్నారు. "మీరే కదమ్మా వద్దంది" అని నవ్వి పేజీ తిప్పాడు. ఆమె చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది.

కొన్ని సాయంత్రాలు కరకట్ట మీద కూర్చునేవాడు. ఒకసారి నేనూ వెళ్లాను. మడ మీదికి కొంగలు దిగుతున్నాయి.

"గెలిచాం కదా బాబాయ్" అన్నాను.

"ఈసారికి గెలిచాం. మూడేళ్లకి మళ్లీ గెలవాలి. ఆ తర్వాత మూడేళ్లకీ గెలవాలి. మనం ప్రతిసారీ గెలుస్తూనే ఉండాలమ్మాయ్. అవతలాయన ఒక్కసారి గెలిస్తే చాలు. కొట్టిన మడ మళ్లీ పాటకి రాదు."

"మరి ఇదేం పద్ధతి?"

"నాకు తెలిసిన పద్ధతి ఇదొక్కటే. నీ పుస్తకాల్లో ఇంకోటి ఉందేమో చూడు. నీకు చదువొచ్చుగా."

చూస్తూనే ఉన్నాను. బందరు జిల్లా గ్రంథాలయం దాకా వెళ్లి వెతికాను. కొన్ని దొరికాయి, చట్టాలూ ఒప్పందాలూ ట్రస్టులూ. ఒక్కొక్కటీ చదివి, ఇది ఆయనకి చెప్పాలి అనుకుని పేజీలో కాగితం ముక్క పెడతాను. పెట్టాక గుర్తొస్తుంది.

రేవులో పాట ముగిశాక, ఆ కొత్త మనిషి ఐసు పెట్టె దిగి చేతులు కడుక్కుంటుంటే దగ్గరికి వెళ్లాను. మా ఊరి పేరు చెప్పాను.

"ఆ, వచ్చే వారం వస్తున్నానండీ. మడ పాటేగా?"

"అవునండీ. ఒక్క మాట. రెండోసారికీ మూడోసారికీ మధ్య కొంచెం ఆగుతారా?"

"ఎందుకండీ? ఇక్కడ ఆగితే చేపలు కంపు కొడతాయి."

"మావి చేపలు కాదు కదండీ."

అతను నవ్వాడు. "ఎంతసేపాగాలి?"

ఆయన మాటనే చెప్పాను. పాడినవాళ్ల మనసు ఇంటికెళ్లి తిరిగొచ్చేంతసేపు.

"నా మనసు ఇంటికెళ్తే తిరిగి రాదండీ, పడుకుంటుంది" అన్నాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆ తరువాత నా మొహం చూసినట్టున్నాడు. "ఆగుతాలెండి" అన్నాడు.

నిన్ననే అయింది పాట. అదే షామియానా, అదే ప్రెసిడెంటు గారు. కమ్యూనిటీ హాలుకి కప్పు పడింది కానీ ఇప్పుడు గోడలకి రంగులు కావాలి. గుడివాడాయన వచ్చాడు. నా దగ్గరికి వచ్చి "బావగారు పోయారట కదమ్మా, తర్వాత తెలిసింది" అన్నాడు. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాడు. వెళ్లి తన చోట నిలబడి ఫోను తీశాడు.

ఆయన వాటా ఎవరు వేసుకోవాలని మాలో పెద్ద చర్చేమీ జరగలేదు. నాగమణి తలా కొంచెం చొప్పున పంచేసింది. ఈసారి రైతులూ ఎక్కువమందే కలిశారు. "గాలి వాటాతో కలిపి" అంటూ నాగమణి పాట మొదలుపెట్టింది. ఎవరూ నవ్వలేదు.

ధర పెరిగింది. పైనున్నది మా పాట. మా చేతుల్లో ఇంకేమీ మిగల్లేదు. అవతలాయన ఫోను చూసుకుంటున్నాడు.

"ఒకటోసారి" అన్నాడు రేవు మనిషి. "రెండోసారి."

ఆగాడు.

ఆగమని నేనే అడిగాను. అడిగినప్పుడు ఈ ఖాళీ మా కోసమే అనుకున్నాను. ఇప్పుడది అవతలాయన కోసం తెరుచుకుని ఉంది. ఆయన వేలు ఫోను మీద కదులుతోంది. ఆ మనసు గుడివాడ వెళ్తోంది, చెరువులు చూసుకుంటోంది, లెక్కలు చూసుకుంటోంది. అనెయ్యి, మూడో మాట అనెయ్యి అని గొంతు దాకా వచ్చింది. రేవు మనిషి ఒకసారి నా వైపు చూశాడు. ఇచ్చిన మాట ప్రకారం ఇంకా ఆగాడు. ఆ రోజు తువ్వాలు అదిమిపట్టుకుని అక్కడ నిలబడ్డ మనిషి, మా పక్షమే అయ్యుండి, అవతలివాడికి రావాల్సిన సేపు అవతలివాడికి ఇచ్చి, ఆ తరువాతే బల్ల దిగాడు. అది ఎంత బరువో అప్పుడు తెలిసింది.

నా మనసు కూడా వెళ్లింది. ఇంటికి కాదు. పాయలోకి, కొమ్మల కిందికి, బోల్తా పడేలా ఊగుతున్న పడవలో నిలబడి, ఎవరూ కొనని గాలికి పాట పలుకుతున్న మనిషి దగ్గరికి.

అవతలాయన ఫోను జేబులో పెట్టుకుని తల అడ్డంగా ఊపాడు.

"మూడోసారి." అరచెయ్యి బల్ల మీద పడింది. నాగమణి నన్ను పట్టుకుని ఊపేస్తోంది. ఆడవాళ్లు కేకలు వేస్తున్నారు. మళ్లీ మూడేళ్లు. అందరూ లేచి వెళ్లిపోతున్నా నేను అక్కడే నిలబడి ఉన్నాను. వెళ్లిన నా మనసు ఇంకా తిరిగి రాలేదు.